మూలం దొరికితే మొత్తం కట్టొచ్చు

కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ కోడ్ నుంచి సొంతంగా తయారు చేసుకునే విద్య ఒకటుంది. అది అమెరికాకో బెంగళూరుకో పరిమితం కాదు. నంద్యాలలోని హాస్టల్ గదిలోనూ, ఆళ్లగడ్డలోని మిద్దె మీదా సాగే పనే.

1991 నవంబరులో నంద్యాల పేరు దేశమంతా మారుమోగింది. ఆళ్లగడ్డ ప్రాంత నాయకుడు గంగుల ప్రతాపరెడ్డి తాను గెలిచిన లోక్‌సభ స్థానాన్ని ప్రధాని పి.వి.నరసింహారావు కోసం వదులుకున్నారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. ఉప ఎన్నికలో పీవీ 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆ మెజారిటీ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతగా చెప్పుకోని సంగతి మరొకటుంది. నంద్యాల ఓటర్లు ఢిల్లీకి పంపిన ఆ డెబ్బై ఏళ్ల పెద్దమనిషికి ప్రోగ్రాములు రాయడం వచ్చు. అరవై దాటాక పట్టుబట్టి కోబాల్, బేసిక్ నేర్చుకున్నారు. యునిక్స్ మీదా సాధన చేశారు.

అదే సంవత్సరం, ఈ ఎన్నికల హడావుడికి ఎంతో దూరంగా, మరో రెండు సంఘటనలు జరిగాయి. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నట్లు ఆగస్టు 25న ప్రకటించాడు. సెప్టెంబరులో సుమారు పది వేల వరుసల కోడ్‌ను అందరి ముందూ పెట్టాడు. అదే లైనక్స్. అక్టోబరులో, లిపుల అక్షరాలకు కంప్యూటర్‌లో స్థానాలు కేటాయించే యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడింది. అందులో తెలుగు లిపి కోసం 128 స్థానాలు పక్కన పెట్టారు. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్ తెర మీద ‘నంద్యాల’ అనే మాట తెలుగులో కనబడుతోందంటే, అడుగున ఆ ఏడాది పడిన ఈ రెండు పునాదులూ ఉన్నాయి.

ఫోన్ అయినా ల్యాప్‌టాప్ అయినా బటన్ నొక్కగానే ముందుగా లేచి మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపేది ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని మనుషులు మనుషులకు అర్థమయ్యే భాషలోనే రాస్తారు. అది సోర్స్ కోడ్. దాన్ని ప్రాసెసర్‌కు మాత్రమే అర్థమయ్యే అంకెలుగా మార్చే పనిముట్టు కంపైలర్. మూలాన్ని తెచ్చుకుని, వరుసలో పేర్చి, కంపైల్ చేసి, నడిచే రూపానికి తేవడాన్ని బిల్డ్ చేయడం అంటారు. చాలా కంపెనీలు బిల్డ్ అయిన సరుకును మాత్రమే చేతికిచ్చి మూలాన్ని తమ దగ్గర దాచుకుంటాయి. ఓపెన్ సోర్స్‌లో మూలం కూడా మన చేతికొస్తుంది. చదవొచ్చు, మార్చొచ్చు, మళ్లీ బిల్డ్ చేసుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు.

ఇందులో తెలుగువాళ్లకు ఒరిగేదేమిటి? 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది.

‘జ్ఞా’ ఫోన్లను పడగొట్టినప్పుడు

ఆ నెల మధ్యలో ప్రపంచమంతటా ఐఫోన్లు ఒక్క తెలుగు అక్షరం దెబ్బకు కుప్పకూలాయి. మెసేజ్‌లో ‘జ్ఞా’ వస్తే ఆ యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామే ఆగిపోయేది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, చివర ఆ-కారం. ఈ వరుస ఎదురుపడితే అక్షరాన్ని తెర మీద ఎలా పేర్చాలో ఆపిల్ కోడ్‌కు తోచలేదు. తెలుగు రానివాళ్లు కూడా ఆటకోసం ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఫోన్లు పడగొట్టుకున్నారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది.

కొన్ని రోజుల్లోనే సరిచేసినందుకు ఆ ఇంజినీర్లను మెచ్చుకోవాలి. అయితే ఒత్తులూ గుణింతాలూ పుట్టుకతో వచ్చిన కోట్లాది తెలుగువాళ్లలో ఆపిల్ బయట ఉన్న ఒక్కరికి కూడా ఆ కోడ్ తెరిచి చూసే వీలు లేకపోయింది. మన అక్షరం తప్పుగా పేరుస్తున్నారని తెలిసినా సరిదిద్దే తోవ లేదు. లైనక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో ఇదే పనిని హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ చేస్తుంది. హల్లు, ఒత్తు, గుణింతం ఏ క్రమంలో కలవాలి, ‘క్ష్మి’లో ఏది ముందు ఏది వెనుక అన్న నియమాలు అందులో బాహాటంగా ఉంటాయి. తప్పు కనబడితే నంద్యాలలో ఉన్న డిగ్రీ విద్యార్థి సైతం ఆ ఫైలు తెరిచి, సవరించి, తన యంత్రంలో బిల్డ్ చేసి, అక్షరం సరిగ్గా పడిందో లేదో చూసుకుని, ఆ సవరణను పంపొచ్చు.

డబ్బు ఆదా అవుతుందని ఓపెన్ సోర్స్ వైపు వచ్చేవాళ్లే ఎక్కువ. తెలుగుకు సంబంధించినంత వరకు ఆదా కంటే పెద్ద కారణం ఈ మరమ్మతు హక్కే. కాగితం మీద ఉన్న ఆ హక్కు చేతిలోకి రావాలంటే బిల్డ్ చేయడం తెలిసి ఉండాలి.

పునాది నుంచి ఒక్కో వరుస

బిల్డ్ నేర్పే గ్రంథాలు ఎన్ని ఉన్నా, అన్నిటికంటే ఓపికగా చేయిపట్టి నడిపించేది ‘లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్’. గెరార్డ్ బీక్మన్స్ 1999లో మొదలుపెట్టిన ఈ పుస్తకం ఉచితం. ఆరు నెలలకోసారి కొత్త కూర్పు వస్తుంది. ఇందులో సిద్ధంగా ఉన్న సరుకేదీ ఇవ్వరు. ఎనభై పైచిలుకు ప్యాకేజీల సోర్స్ కోడ్ ఎక్కడుందో చెప్పి, ఏది ముందు ఏది తర్వాత కట్టాలో, ఎందుకు అలాగే కట్టాలో వివరిస్తారు.

మొదటి మెట్టులోనే ఒక చిక్కుముడి ఎదురవుతుంది. కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే. దానికీ సోర్స్ కోడ్ ఉంటుంది. దాన్ని కంపైల్ చేయడానికి ఇంకో కంపైలర్ కావాలి. టోర్వాల్డ్స్‌కూ ఈ చిక్కు తప్పలేదు. తొలి రోజుల్లో అతను మినిక్స్ అనే వేరే సిస్టమ్ మీద కూర్చుని లైనక్స్‌ను బిల్డ్ చేసేవాడు. 1991 డిసెంబరులో వచ్చిన 0.11 కూర్పుతో గానీ లైనక్స్ తనను తాను కట్టుకునే స్థితికి రాలేదు.

‘లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ ఈ ముడిని నెమ్మదిగా విప్పుతుంది. అప్పటికే నడుస్తున్న ఏదో ఒక లైనక్స్ యంత్రంలో ఖాళీ డిస్కు భాగం ఒకటి కేటాయించుకోవాలి. అందులో ముందుగా బైన్‌యుటిల్స్ కట్టాలి. ముక్కలను అతికే లింకర్, అసెంబ్లర్ అందులోనే ఉంటాయి. తర్వాత జీసీసీ కంపైలర్, మొదటి విడత. ఆ తర్వాత, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ హెడర్లు. ఆపై గ్లిబ్‌సీ. ప్రతి ప్రోగ్రామూ ఫైలు తెరవాలన్నా, మెమరీ అడగాలన్నా ముందుగా తలుపు తట్టేది ఈ సీ లైబ్రరీనే. ఇక్కడ ఒక చిన్న పరీక్ష పెడతారు. ఏమీ చేయని ఒక ఖాళీ ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసి, అది కొత్త లైబ్రరీ వైపు చూస్తోందా, పాత యంత్రంలోని లైబ్రరీ వైపు చూస్తోందా అని తనిఖీ చేయాలి. తెర మీద వచ్చే ఆ ఒక్క వరుస తప్పితే అక్కడే ఆగిపోవాలి. పోనీలే అని ముందుకు సాగినవాళ్లకు మర్నాడు పొద్దున గానీ తప్పు ఎక్కడుందో తెలియదు.

ఆ పరీక్ష నెగ్గాక, మరికొన్ని తాత్కాలిక పనిముట్లు కట్టుకుని, పాత యంత్రంతో బంధం తెంచుకుని కొత్త డిస్కు భాగంలోకి గృహప్రవేశం చేస్తారు. అక్కడి నుంచి ఆ తాత్కాలిక పనిముట్లతోనే అసలు పనిముట్లను మళ్లీ కడతారు. గ్లిబ్‌సీ మళ్లీ, జీసీసీ మళ్లీ. చివరికి కెర్నెల్, దాన్ని లేపే బూట్‌లోడర్. యంత్రం రీస్టార్ట్ చేసి, అక్షరాలు వరుసగా పైకి జరిగి లాగిన్ అడిగిందంటే, అందులోని ప్రతి ఫైలూ కట్టినవాళ్ల కళ్ల ముందు పుట్టిందే.

పని ఎంతసేపు పడుతుందో ఈ పుస్తకం గంటల్లో చెప్పదు. ఒక్కొక్కరి యంత్రం వేగం ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మొదటి ప్యాకేజీ బైన్‌యుటిల్స్ బిల్డ్ కావడానికి ఎవరి యంత్రంలో ఎంత సమయం పట్టిందో దాన్నే ఒక యూనిట్‌గా తీసుకోమంటుంది. మిగతా ప్యాకేజీలన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి. ఈ పద్ధతి ఆళ్లగడ్డ శిల్పులకు చెబితే ఇట్టే పట్టుకుంటారు. వాళ్ల తాళమానంలో అంగుళమంటే టేపు మీది అంగుళం కాదు. విగ్రహం ముఖం పొడవు ఒక తాళం, తాళంలో పన్నెండో వంతు అంగుళం. నవతాళ విగ్రహం జానెడున్నా నిలువెత్తున్నా నిండు కొలత 108 అంగుళాలే. రాయి ఏదైనా కొలత దాని లోపలి నుంచే పుడుతుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఆళ్లగడ్డ శిల్పకళ ఇన్ని తరాలు నిలవడానికి ఆ కొలతలు చేతి నుంచి చేతికి అందడం కూడా ఒక కారణం.

ఇక కరెంటు సంగతి. బిల్డ్ నడుస్తుండగా కరెంటు పోతే మొత్తం మొదటికొస్తుందని కొత్తవాళ్లు భయపడతారు. చాలావరకు అలా జరగదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ‘మేక్’ అనే పనిముట్టు ఇప్పటికీ ఈ భారం మోస్తోంది. అది ప్రతి సోర్స్ ఫైలు తేదీనీ, దాని నుంచి పుట్టిన ఫైలు తేదీనీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. మూలం కంటే ఫలితం కొత్తదైతే దాని జోలికి పోదు. పాతదైతేనే మళ్లీ కడుతుంది. కరెంటు వచ్చాక అదే ఆదేశం మళ్లీ ఇస్తే, ఆగినచోటి నుంచే అందుకుంటుంది.

అయితే పాత డెస్క్‌టాప్‌లతో ఒక పేచీ ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయి ఉంటే, కరెంటు పోయి వచ్చేసరికి కంప్యూటర్ గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు ‘మేక్’ కళ్లకు నిన్న రాత్రి కట్టిన ఫైళ్లు భవిష్యత్తులో పుట్టినట్లు కనబడతాయి. గడియారం తేడాగా ఉంది, బిల్డ్ అసంపూర్తిగా ఉండొచ్చని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను కొట్టిపారేయకూడదు. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, అనుమానం ఉన్న ప్యాకేజీని శుభ్రం చేసి మొదటినుంచి కట్టడమే మేలు. ర్యామ్ తక్కువగా ఉన్న యంత్రంలో ఒకేసారి ఎనిమిది పనులు నడపమని పురమాయించినా ఇలాంటి తిప్పలే. నాలుగు జీబీల యంత్రానికి రెండు పనులు చాలు. పూర్తికావడానికి రాత్రంతా పట్టినా పడిపోకుండా నడుస్తుంది.

ఆండ్రాయిడ్ మొత్తాన్ని మూలం నుంచి కట్టాలంటే మాత్రం ఇంటి కంప్యూటర్ చాలదు. 400 జీబీ డిస్కు, 64 జీబీ ర్యామ్ ఉండాలని గూగుల్ సూచిస్తోంది. అందుకే నేర్చుకునేవాళ్లు ‘బిల్డ్‌రూట్’ లాంటి చిన్న వ్యవస్థలతో మొదలుపెడతారు. రూటర్‌కో రాస్ప్‌బెర్రీ పై బోర్డుకో సరిపడా చిన్న లైనక్స్‌ను మామూలు ల్యాప్‌టాప్‌లోనే తయారు చేసుకోవచ్చు.

కోడ్ కంటే పెద్ద పని

ఒక్కరు కూర్చుని ఎనభై ప్యాకేజీలు కట్టగలరు. డెబ్బై వేలు కట్టాలంటే? 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13 అనే లైనక్స్ సిస్టమ్‌లో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి 1993 ఆగస్టులో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు యజమాని లేడు, కంపెనీ లేదు. రాజ్యాంగం ఉంది, సామాజిక ఒప్పందం ఉంది, ఏటా ఎన్నికయ్యే నాయకుడు ఉంటాడు. సుమారు వెయ్యిమంది అధికారిక సభ్యులు, వాళ్ల చుట్టూ ఎన్నో వేలమంది సాయం చేసేవాళ్లు.

అక్కడ ప్రతి ప్యాకేజీకీ ఒక బాధ్యుడో, బృందమో ఉంటుంది. అసలు రచయిత రాసిన సోర్స్ కోడ్‌ను యథాతథంగా ఒక మూటలో ఉంచుతారు. డెబియన్ చేసిన సవరణలను వేరే మూటలో పెడతారు. దేన్ని కట్టడానికి ముందు ఏవేవి ఉండాలో చెప్పే జాబితా, కట్టే పద్ధతి చెప్పే ఫైలు ఆ రెండో మూటలోనే ఉంటాయి. ఎవరు ఏం మార్చారో ఎవరైనా చూసి చెప్పగలిగే ఏర్పాటిది. కొత్త కూర్పు ముందుగా ‘సిడ్’ అనే అస్థిర శాఖలో పడుతుంది. కొన్ని రోజుల్లో పెద్ద లోపాలేవీ బయటపడకపోతే పరీక్షా శాఖకు వెళ్తుంది. సుమారు రెండేళ్లకోసారి తలుపులు మూసి, లోపాలు మాత్రమే సరిచేస్తూ, స్థిరమైన కూర్పును వదులుతారు.

లైనక్స్ కెర్నెల్‌లో క్రమశిక్షణ ఇంకో రకంగా ఉంటుంది. పది వేల వరుసలతో పుట్టిన కోడ్ ఇప్పుడు 4 కోట్ల వరుసలకు చేరింది. అందులో సగానికి పైగా డ్రైవర్లే, అంటే కెమెరాలు, వైఫై చిప్‌ల వంటి పరికరాలను నడిపే కోడ్. ఏ విభాగానికి ఎవరు పెద్దో చెప్పే ఒక పొడవాటి ఫైలు ఆ కోడ్‌తోపాటే ఉంటుంది. తొమ్మిది పది వారాలకోసారి కొత్త కూర్పు వస్తుంది. ప్రతి కూర్పులో దాదాపు రెండు వేలమంది చేతులుంటాయి. ఇంతమంది మార్పులను గజిబిజి కాకుండా కలపడానికే టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ రాశాడు. ఈ రోజు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన దాదాపు ప్రతి ఒక్కరూ వాడేది ఆ పనిముట్టునే.

ప్రతిభావంతులైన ప్రోగ్రామర్లు ఉంటే చాలు, ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టేస్తుందనుకోవడం పొరపాటు. వచ్చిన సవరణను ఓపికగా చదివేవాళ్లు, తిప్పి పంపేటప్పుడు కారణం చెప్పేవాళ్లు, అనువాదాలు సరిచూసేవాళ్లు, విడుదల తేదీకి అందరినీ ఒక తాటి మీదికి తెచ్చేవాళ్లు లేకపోతే ఎంత మంచి కోడ్ అయినా మూల పడి ఉండాల్సిందే. తెలుగు ప్రాంతాల్లో కొరత కోడ్ రాసేవాళ్లది కాదు, ఈ రకం మనుషులది.

బిల్డ్ మీద కన్నేసి ఉంచేవాళ్లు లేకపోతే ఏమవుతుందో 2024 మార్చి చూపించింది. దాదాపు ప్రతి లైనక్స్ యంత్రంలోనూ ఉండే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న ప్యాకేజీని ఒకే ఒక్క వ్యక్తి ఏళ్లుగా మోస్తున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా మంచి సవరణలు పంపి నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే అధికారం అందుకున్నారు. ఆ తర్వాత విడుదల చేసిన మూటలో దొంగదారి పెట్టారు. దాన్ని తెరిచే ముక్క అందరూ చదివే సోర్స్ కోడ్‌లో కనబడలేదు. బిల్డ్ ఎలా చేయాలో చెప్పే సూచనల్లో దాగి, మూటలో మాత్రమే ఉంది. రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తీగ లాగితే డొంకంతా కదిలింది. మార్చి 29న ఆయన బయటపెట్టేనాటికి ఆ కూర్పు ఇంకా స్థిరమైన డెబియన్‌లోకి రాలేదు. పెద్ద గండం తప్పింది.

ఇలాంటి ముప్పును కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ 1983లోనే ఊహించాడు. కంపైలర్‌నే కలుషితం చేస్తే సోర్స్ కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదని ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో నిరూపించి చూపాడు. దీనికి విరుగుడుగా డెబియన్ వాళ్లు 2013 నుంచి ‘రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్’ అనే పని పట్టారు. ఒకే మూలాన్ని ఇద్దరు వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు యంత్రాల్లో కట్టినా ఫలితం చివరి అంకె వరకు ఒకేలా రావాలన్నది లక్ష్యం. తేదీలు, ఫోల్డర్ పేర్లు, ఫైళ్ల వరుస లాంటి చిన్న చిన్న తేడాలను ఒక్కొక్కటే ఏరి పారేస్తూ తొంభై శాతానికి పైగా ప్యాకేజీలను ఆ స్థితికి తెచ్చారు. మామూలు కంప్యూటర్ ఉన్నవాళ్లెవరైనా కాపలాదారులు కావచ్చన్నది ఇందులోని గొప్పతనం. నంద్యాలలో కట్టిన ప్యాకేజీ బెర్లిన్‌లో కట్టినదానితో సరిపోలకపోతే, ఎక్కడో ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది.

తెలుగువాళ్ల బాట

ఈ దారిలో తెలుగువాళ్లు ఇరవై ఏళ్ల కిందటే అడుగుపెట్టారు. హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడిన ‘స్వేచ్ఛ’ సంస్థ 2005లో అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. మెనూలు, సందేశాలు తెలుగులో కనబడే ఆ సిస్టమ్‌ను చూసి కంప్యూటర్ అంటే ఇంగ్లిషే అనుకున్నవాళ్లు ఆశ్చర్యపోయారు. తర్వాత చిన్నపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’, ఇంజినీరింగ్ విద్యార్థులు కలిసికట్టుగా తమ కోసం తామే కట్టుకునే సిస్టమ్‌గా ‘ఈ-స్వేచ్ఛ’ తలపెట్టారు. కళాశాలల్లో లైనక్స్ బృందాలను ఏర్పాటు చేసి, వేసవి సెలవుల్లో శిబిరాలు నడిపారు. ఈ-స్వేచ్ఛ ఆలోచనను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంజినీరింగ్ సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒక పేపరు. దాన్ని చదివి పాసైన వేలమందిలో కెర్నెల్‌ను ఒక్కసారైనా కంపైల్ చేసినవాళ్లు తక్కువ. ఆ లోటు మీదే ఈ-స్వేచ్ఛ గురిపెట్టింది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో డెబియన్ ఆధారంగా ‘బాస్’ లైనక్స్ తెచ్చింది. అందులోనూ తెలుగు ఉంది. అక్షరాల విషయానికొస్తే, తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు నేటికీ డెబియన్‌లో ఒక ప్యాకేజీగా ప్రపంచంలో ఎవరికైనా దొరుకుతాయి. డెబియన్ మీద నడిచే ఫ్రీడమ్‌బాక్స్ అనే ఇంటి సర్వర్‌ను తీర్చిదిద్దుతున్న ముఖ్యుల్లో సునీల్ మోహన్ అడపా తెలుగువారే. స్వేచ్ఛ కార్యకర్తలు ఆ పెట్టెలను తెలుగు పల్లెలకు చేర్చి వైఫై అందించారు. పొరుగున కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లన్నీ ‘కైట్’ సంస్థ సిద్ధం చేసిన లైనక్స్ మీదే నడుస్తున్నాయి. పాఠ్యపుస్తకాలు కూడా దానికి తగ్గట్టే రాశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ స్థాయిలో నిలబడిన ప్రయత్నం లేకపోవడం బాధ కలిగించే విషయం. మనవాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు కాబట్టి ఆ బాధ ఇంకా ఎక్కువ.

నలభై కిలోమీటర్ల దారిలో

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. రాజీవ్‌గాంధీ స్మారక ఇంజినీరింగ్ కళాశాల 1995 నుంచి ఇక్కడ నడుస్తోంది. శాంతిరామ్ కళాశాల, ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నాయి. కడప దారిలో నలభై కిలోమీటర్లు దాటితే ఆళ్లగడ్డ. ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సెక్కి వచ్చి కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు ఈ కళాశాలల తరగతి గదుల నిండా ఉన్నారు. వాళ్లకు కావలసిన ముడిసరుకు ఇప్పటికే ఊళ్లో ఉంది.

అందులో మొదటిది పాత కంప్యూటర్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ లేని యంత్రాలు ఇంటర్నెట్ సెంటర్లలో, ట్యూషన్ గదుల్లో, చిన్న ఆఫీసుల్లో ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటిని పాత ఇనుప సామాను కింద తూకానికి వేయాల్సిన పనిలేదు. లైనక్స్ ఎక్కిస్తే ఇంకా కొన్నేళ్లు పనిచేస్తాయి. బిల్డ్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బల్ల దొరకదు. చెడిపోతుందన్న భయం లేదు, చెడితే మళ్లీ కట్టుకోవచ్చు.

రెండోది ట్యాబ్‌లు. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా సామ్‌సంగ్ ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ఆళ్లగడ్డ బడి పిల్లల చేతుల్లోకీ అవే వచ్చాయి. వాటిలో ఉన్నది ఆండ్రాయిడ్, దాని అడుగున లైనక్స్ కెర్నెల్. కెర్నెల్ లైసెన్స్ ప్రకారం, దాన్ని పరికరంలో పెట్టి పంచేవాళ్లు సోర్స్ కోడ్ కూడా అందుబాటులో ఉంచాలి. సామ్‌సంగ్ తన పరికరాల కెర్నెల్ మూలాన్ని ఇంటర్నెట్‌లో పెడుతోంది కూడా. ఈ నిబంధన ఎంత బలమైనదో 2003లో ప్రపంచం చూసింది. లింక్‌సిస్ కంపెనీ అమ్మిన ఒక వైఫై రూటర్‌లో లైనక్స్ ఉందని వాడకందారులు కనిపెట్టి నిలదీశారు. కంపెనీ మూలం ఇవ్వక తప్పలేదు. ఆ కోడ్ మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టింది. ఇప్పుడు అది ఎన్నెన్నో కంపెనీల రూటర్లలో నడుస్తోంది. ఎనిమిదో తరగతి పిల్లలకు కెర్నెల్ అర్థం కాకపోవచ్చు. వాళ్ల చేతిలోని వస్తువులో ఉన్న కెర్నెల్ మూలం చూసే హక్కు వాళ్లకుందని చెప్పే టీచరు మాత్రం ఉండాలి.

మూడోది తెలుగు. ఇది ఎవరికీ అంతగా తట్టని బలం. లైనక్స్ డెస్క్‌టాప్‌లలో తెలుగు అనువాదం ఎన్నోచోట్ల సగంలో ఆగి ఉంది. ప్రతి ప్రోగ్రామ్ మూలంలోనూ ప్రతి భాషకూ ఒక అనువాద ఫైలు ఉంటుంది. అందులో ఇంగ్లిషు వాక్యం ఒక వరుస, దాని కింద తెలుగు వాక్యం ఒక వరుస. తెలుగు వరుస ఖాళీగా ఉంటే తెర మీద ఇంగ్లిషే కనబడుతుంది. ఆ ఖాళీ నింపడానికి కోడ్ రానక్కరలేదు. బిల్డ్ చేయడం మాత్రం వచ్చి ఉండాలి. ఎందుకంటే తెలుగు మాట మెనూలో పట్టిందా, బటన్ దాటి బయటికి వచ్చిందా, ఒత్తు తెగిందా అన్నది కట్టి చూస్తే గానీ తెలియదు. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లు, కంప్యూటర్ విద్యార్థి ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సిన పని ఇది.

ఒక కళాశాల తలుచుకుంటే దీన్ని ఇలా నడపొచ్చు. సెలవుల్లో ఒక ల్యాబ్ గది, పది పాత యంత్రాలు, మూలాలన్నీ ముందే దించి పెట్టిన ఒక హార్డ్ డిస్కు. నెట్ నెమ్మదించినా పని ఆగకుండా ఉండాలంటే ఆ డిస్కు తప్పనిసరి. మొదటి వారం అందరూ ‘లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ కడతారు. ఏ మెట్టులో ఏ లోపం వచ్చిందో, ఎలా తీర్చుకున్నారో తెలుగులో ఒక ఉమ్మడి పుస్తకంలో రాస్తారు. తర్వాత ఇద్దరిద్దరు ఒక్కో డెబియన్ ప్యాకేజీని తీసుకుంటారు. ఒకరు మూలాన్ని దించి కడితే, రెండోవారు ఇంకో యంత్రంలో కట్టి రెండూ సరిపోలాయో లేదో చూస్తారు. ఒకరు తెలుగు వరుసలు నింపితే, రెండోవారు వాటిని తెర మీద పరీక్షిస్తారు. ఎవరి ప్యాకేజీ ఎవరిదో, ఎప్పటికి పూర్తవ్వాలో చూసుకునే బాధ్యత ఒకరికి పూర్తిగా అప్పజెప్పాలి. వాళ్లకు కోడ్ రాసే పని ఇవ్వకపోవడమే మంచిది.

సవరణలు పంపాక జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు. తిప్పి పంపితే నిరాశ పడకుండా, చెప్పిన కారణం చదివి మళ్లీ పంపాలి. డెబియన్ తర్వాతి కూర్పు పేరు ‘ఫోర్కీ’. దానికి తలుపులు మూసేలోగా అనువాదాలు అసలు ప్రాజెక్టుల్లోకి చేరి, అక్కడి కొత్త కూర్పు డెబియన్‌లోకి రావాలి. ఆ గడువులోపు చేరిన తెలుగు వరుసలన్నీ ఆ కూర్పు ఎక్కిన ప్రతి యంత్రానికీ చేరతాయి. గడువు దాటిన వరుసలు మరో రెండేళ్లు ఆగాల్సి వస్తుంది. అందుకే ఈ పని వచ్చే వేసవి సెలవుల్లోనే మొదలైతే బాగుంటుంది.